ఇంత చదువు చదివి వడ్రంగమా?

"ఇంత చదువు చదివి ఈ వడ్రంగం పనేంట్రా నాన్నా! మనిషిని పిలిస్తే వచ్చి చేసిపోడూ?"

ఇది మా అమ్మ మాట. అప్పుడు నేను బాల్కనీలో గొంతుక్కూచుని, ఒళ్ళంతా రంపప్పొట్టుతో, మా అమ్మాయి చదువుకునే బల్లకి కాళ్ళు బిగిస్తున్నాను. పక్క ఫ్లాటాయన కొంచెం మర్యాదగా "ఏంటి సార్, వర్క్ ఫ్రం హోమా?" అని నవ్వి వెళ్ళాడు. ఆఫీసులో చెబితే "ఎంత మిగిలింది?" అనడిగారు. ఏమీ మిగల్లేదండీ. పనిముట్లతో కలిపి లెక్కేస్తే షాపులో దొరికే బల్లకన్నా ఎక్కువే అయింది. మరెందుకు చేశావయ్యా అంటే, అది చెప్పడానికే ఈ టపా. కాస్త ఘాటుగా ఉంటుంది, ముందే చెబుతున్నా. ఆ ఘాటులో సగం నా మీద నాకున్నదే.

కిందటి వానాకాలం మా వంటగది తలుపు ఉబ్బిపోయి మూసుకోవడం మానేస్తే ఒక వడ్రంగాయన్ని పిలిపించాం. జనగామ వైపు పల్లె ఆయనది. అందరూ ఆచారి గారంటారు, నేనూ అలాగే అంటాను. ఆయన తలుపు ఊడదీసి అంచు చిత్రిక పడుతుంటే మా అమ్మాయి వెళ్ళి పక్కన చేరింది. నాలుగో క్లాసు. చిత్రికలోంచి ఉంగరాలు ఉంగరాలుగా వచ్చే పొట్టుని ఏరి గుప్పిట్లో పెట్టుకుంటూ కాసేపు చూసి, ఉన్నట్టుండి అడిగింది.

"అంకుల్, మీరు చిన్నప్పుడు చదువుకోలేదా?"

వెక్కిరింపు కాదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. వెక్కిరింపయితే కోప్పడేసి ఊరుకునేవాణ్ణి, ఇది అలా కాదు. ఆచారి గారు చిత్రిక ఆపకుండానే "పదో తరగతి దాక చదివిన పాపా. ఇగ పన్ల వడ్డ" అన్నాడు. నేను లోపలికెళ్ళి మంచినీళ్ళు తెచ్చిచ్చాను. అంతకన్నా ఏం చెయ్యాలో తోచలేదు.

ఆ ప్రశ్న పిల్లకి ఎవరు నేర్పారు? బళ్ళో పాఠాల్లో అయితే లేదు. మేమే నేర్పాం. "చదవకపోతే గేదెలు కాసుకుంటావా?" అని మా నాన్న నన్నన్నాడు. "హోంవర్కు చెయ్యకపోతే పెద్దయ్యాక మూటలు మోసుకోవాలి" అని నేను మా అమ్మాయినన్నాను. మనలో ఈ మాట వినకుండా పెరిగినవాడు, అనకుండా పెంచుతున్నవాడు ఎంతమంది? పదేళ్ళు రోజూ అంటే పిల్లలు దాన్నుంచి లెక్క సరిగ్గానే తీస్తారు. చేత్తో పనిచేసే మనిషి కనబడ్డాడంటే, వాడు హోంవర్కు చెయ్యలేదన్నమాట!

ఒక్కసారి చూడండి మనం చేస్తున్న పని. పిల్లని బల్ల ముందు కూచోబెట్టి, బాగా చదువు, లేకపోతే ఇలాంటి బల్లలు చేసుకుని బతకాలి అంటున్నాం. మోచేతులాన్చింది ఆ బల్ల మీదే.

నేను బల్ల చెయ్యాలనుకున్నది ఆ రోజే. పిల్లకి బల్ల కావలసిన మాట కూడా నిజమే. అప్పటిదాకా డైనింగ్ టేబుల్ మీద రాసేది. మా టేబుల్ ఎత్తు 75 సెంటీమీటర్లు. మా అమ్మాయి ఎత్తు 132. కుర్చీలో కూచుంటే భుజాలు చెవుల దాకా లేచేవి, గడ్డం పుస్తకానికి తగిలేది, కాళ్ళు గాల్లో ఊగేవి. మేము రోజుకి పదిసార్లు "నిటారుగా కూచో" అని అరిచేవాళ్ళం. ఆ ఎత్తులో ఎవరైనా నిటారుగా ఎలా కూచుంటారో మేము ఆలోచించలేదు.

యూరప్‌లో బడి బల్లలకి ఈఎన్ 1729 అని ఒక ప్రమాణం ఉంది. అందులో పిల్లల ఎత్తుని బట్టి సైజులు ఇచ్చారు. 119 నుంచి 142 సెంటీమీటర్ల ఎత్తున్న పిల్లలకి కుర్చీ 35, బల్ల 59. దాని పై సైజుకి 38, 64. ఆ పైన 43, 71. అంటే మా అమ్మాయి తనకి కావలసినదానికన్నా 16 సెంటీమీటర్లు, అంటే రెండు బెత్తెల పైచిలుకు ఎత్తులో రాస్తోంది. ప్రమాణం దాకా పోకుండా ఇంట్లోనే చూసుకోవచ్చు. పాదాలు నేలకి ఆనించి కూచోబెట్టి చేతులు వేలాడెయ్యమనండి. మోచెయ్యి ఎక్కడుందో బల్ల పైభాగం ఇంచుమించు అక్కడుండాలి, అంతే. పిల్లకి బట్టలు కొనేటప్పుడు నాలుగుసార్లు వేసి చూస్తాం, రోజుకి మూడు గంటలు కూచునే బల్ల మాత్రం బొమ్మ చూసి కొంటాం.

కొన్నాం కూడా. దీనికి ముందు ఆన్‌లైన్లో ఒకటి తెప్పించాం. గులాబీ రంగు, పైన బొమ్మలు. ఎత్తు సంగతి పక్కన పెట్టండి, వాటర్ బాటిల్ ఒకసారి ఒలికితే అంచు అప్పడంలా పొంగింది. పార్టికల్ బోర్డు కదా, చెక్కపొట్టుకి జిగురు కలిపి అదిమిన అట్ట. నీళ్ళు తాగితే ఉబ్బుతుంది, మళ్ళీ అణగదు. స్క్రూ ఊడిందా, ఆ బెజ్జంలో మళ్ళీ పట్టదు. ఆచారి గారికి చూపిస్తే వేలితో నొక్కి చూసి, "దీనికి నేను చేసేది ఏం లేదు సార్" అన్నాడు. బాగుచెయ్యడానికి వీల్లేని వస్తువు అది. పారెయ్యాల్సిందే.

ఇక నా ఘనత. నేను ఇంజనీర్ని. కాగితం ఉంది. ఫస్టియర్లో వర్క్‌షాప్ ఉండేది మాకు. కార్పెంట్రీ, ఫిట్టింగు, తగరప్పని, హౌస్ వైరింగు. కార్పెంట్రీలో రెండు చెక్కలకి సగం సగం మందం కోసి ఒకదాన్లో ఒకటి కూర్చే హాఫ్ ల్యాప్ జాయింటు చెయ్యాలి. నేను చెయ్యలేదు. సీనియర్ చేసిన ముక్కకి ఉప్పుకాగితం రుద్ది, పాత రోల్ నంబరు చెరిపేసి నాది రాసి ఇచ్చాను. (ఆ సీనియరు కూడా చేసుండడు, అది ఇంకో సంగతి.) మాలో ఎవరికీ అది తప్పనిపించలేదు, ఎందుకంటే ఆ సబ్జెక్టు "ఉత్తి వర్క్‌షాప్". ఆ మాటకి మార్కులు బాగానే వచ్చాయి. ఇన్నేళ్ళ తర్వాత ఆచారి గారి ముందు రంపం పట్టుకుంటే తెలిసింది, గీత మీద తిన్నగా కొయ్యడం నాకు రాదని.

అవును, ఆచారి గారినే అడిగాను. రెండు ఆదివారాలు వచ్చి పక్కన కూచుని చెప్పండి, పని నేను చేస్తాను, మీ రోజు కూలీ మీకిస్తాను అన్నాను. ఆయన ముందు నమ్మలేదు. "నేను చేసిస్తే పొద్దుగూకేసరికి అయిపోతది గద సార్" అన్నాడు. నిజమే. ఆయనకి ఒక్క రోజు పని, నాకు నాలుగు ఆదివారాలు పట్టింది.

చెక్క ఎంచడం దగ్గరే సగం పాఠం అయింది. పాత ఇళ్ళు కూల్చినప్పుడు వచ్చిన టేకు ద్వారబంధాల ముక్కలు కాళ్ళకీ చట్రానికీ తీయించాడు. చేతిలో తూచి, చివర కోసిన చోట చూసి, ఇది చేవ, ఇది తెల్లచెక్క అని విడగొట్టాడు. చేవ లేనివాడా అని తిట్టడమే తప్ప, చేవంటే చెట్టు నడిమి కర్ర అనీ, పురుగు తెల్లచెక్కకి పట్టినంత తేలిగ్గా దానికి పట్టదనీ నాకు అప్పటిదాకా తెలీదు. పైపలకకి రబ్బర్‌వుడ్ బోర్డు. పాలు తీయడం అయిపోయిన రబ్బరు చెట్లు ఎలాగూ కొట్టేస్తారు కదా, ఆ కర్ర.

నేను ఆ పలకని చట్రానికి ఫెవికాల్ దట్టించి, స్క్రూలు బిగించి, కదలకుండా చేద్దామనుకున్నాను. ఆయన ఆపాడు. "మీ వంటింటి తలుపు ఏమైంది సార్ మొన్న?" అనడిగాడు. గాల్లో తేమ పెరిగితే చెక్క అడ్డంగా, అంటే నార వాటానికి అడ్డదిక్కున, ఉబ్బుతుంది. ఎండాకాలం మళ్ళీ కుంచించుకుంటుంది. నార వెంబడి పొడవు మాత్రం దాదాపు మారదు. కదలనివ్వకుండా బిగిస్తే ఏదో ఒక వేసవిలో పలక చీలుతుంది. అందుకని చట్రంలో స్క్రూ బెజ్జాలు గుండ్రంగా కాకుండా కోలగా చేసి, జిగురు పెట్టకుండా బిగించాం.

పిల్ల ఎదుగుతుంది కదా, ఎత్తెలా అన్నాను. ఏవేవో బొమ్మలు గీశాను ల్యాప్‌టాప్‌లో. ఆయన కాలి పక్కన ఇంకో పలక ఆనించి, రెండింటికీ బెజ్జాలు వేసి బోల్టులు పెడదాం అన్నాడు. బోల్టు తీసి పలక కిందికి జరిపితే బల్ల పైకి లేస్తుంది. 59, 64, 71కి మూడు జతల బెజ్జాలు. నా బొమ్మలు చెరిపేశాను.

చట్రం మూలలు తిన్నగా ఉన్నాయో లేదో చూసే పని మా అమ్మాయికి అప్పగించాం. మూలమట్టం పెట్టి చూడొచ్చు, ఇంకో దారి కూడా ఉంది. ఎదురెదురు పక్కలు సమానంగా ఉన్నాయని చూసుకున్నాక, ఈ మూల నుంచి ఆ మూలకి టేపు పట్టాలి, తర్వాత రెండో జత మూలలకి. రెండూ సమానమైతే మూలలు సరి. మొదటిసారి 6 మిల్లీమీటర్లు తేడా వచ్చింది. పొడుగున్న మూలని కొంచెం నొక్కమని ఆచారి గారు చెబితే ఆ పిల్లే నొక్కి మళ్ళీ కొలిచింది. కర్ణాలు సమానమని ఎప్పుడో హైస్కూల్లో బట్టీ పడుతుందిలెండి, ఇప్పటికి పని మాత్రం అయిపోయింది.

మూడో ఆదివారం నేనొక్కణ్ణే బల్ల నిలబెడితే ఊగింది. ఒక కాలు పొట్టిదనుకుని మిగతా మూడూ తలో కాస్త కొయ్యబోయాను. ఒకటి కోశాను కూడా. పిల్లుల తగవు తీర్చిన కోతి రొట్టె కొరికినట్టు ఇంకో నాలుగు కోతలైతే బల్ల కాస్తా పీట అయ్యుండేది. ఫోన్ చేస్తే ఆచారి గారు "బాల్కనీలనా? హాల్లకి తీస్కవొయ్యి చూడుండ్రి" అన్నాడు. హాల్లో ఊగలేదు, నేను కోసిన కాలు తప్ప. బాల్కనీ గచ్చు నీళ్ళ తూము వైపు వాలుగా ఉంటుంది మరి. తప్పు గచ్చులో పెట్టుకుని కాళ్ళు కోశాను. (సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఈ జబ్బు పరిచయమే అనుకుంటా.) ఆ కాలి కింద చిన్న చెక్కబిళ్ళ అతికించాం. ఇప్పటికీ ఉంది.

ఇహ నన్ను తిట్టినవాళ్ళ వాదనలకి వద్దాం.

ఒకటి. "నీ గంట ఖరీదెంత? నాలుగు ఆదివారాలంటే ఎంత నష్టం?" బాబూ, ఆదివారం నా గంట ఎవరూ కొనటం లేదు. ఈ నాలుగు ఆదివారాలు మిగిలుంటే ఫోన్లో బొమ్మలు జరుపుకుంటూ కూచునేవాణ్ణి. ఈ లెక్కన పిల్లకి కథ చెప్పడం కూడా నష్టమే.

రెండు. "వడ్రంగి పొట్ట కొట్టావు కదా!" ఆయన కూలీ ఆయనకిచ్చాను. దానికీ నవ్వారు, పని నేను చేసి కూలీ ఆయనకివ్వడమేంటని. క్లౌడు సర్టిఫికేషన్లకి వేలకి వేలు కట్టి, సగం వీడియోలు చూడకుండా వదిలేసినప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు. అక్కడ ఫీజు, ఇక్కడ కూలీ. ఇంకో మాట. ఫ్యాక్టరీ అట్టపెట్టెలో బల్ల తెప్పించినప్పుడు ఆచారి పొట్ట ఎవరికీ గుర్తు రాలేదేం?

మూడు. ఇది బలమైన వాదన. "చేతివృత్తులు నేర్పాలనడం తిప్పి తిప్పి కులవృత్తుల దగ్గరకే తెస్తుంది." నిజంగా జరిగింది కూడా. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ, పిల్లలు సగం పూట బడి, మిగతా పూట తల్లిదండ్రుల వృత్తి నేర్చుకోవాలని పథకం పెట్టారు. కులవిద్య అని జనం తిరగబడ్డారు. 1954లో రాజాజీ దిగిపోయారు, తర్వాత వచ్చిన కామరాజ్ ఆ పథకాన్ని ఎత్తేశారు. ఎత్తెయ్యాల్సిందే. కుమ్మరి కొడుకు కుండలే చెయ్యాలి అనడానికి సర్కారు ముద్ర అది. నేను చెప్పేది సరిగ్గా దానికి ఎదురు. వడ్రంగి పిల్లలు చదువుకోవాలి, ఇంజనీరు పిల్లలు రంపం పట్టాలి.

1937లో వార్ధా సమావేశంలో గాంధీ ముందుకు తెచ్చి, జాకిర్ హుస్సేన్ కమిటీ రాసిన నయీ తాలీం కూడా పిల్లలందరికీ, మాతృభాషలో, చేతిపని చుట్టూ అల్లిన ఏడేళ్ళ చదువు. మనం దాన్ని పేదవాళ్ళ బడి అనుకుని వదిలేశాం. ఫిన్లాండ్‌లో 1866లోనే ప్రజాపాఠశాలల్లో చేతిపని తప్పనిసరి చేశారు, ఇప్పటికీ అక్కడ ఆడామగా అందరూ కుట్టుపనీ కొయ్యపనీ రెండూ నేర్చుకుంటారు. వాళ్ళకి ఇంజనీర్లు లేకుండా పోలేదు.

మన 2020 జాతీయ విద్యావిధానంలో కూడా ఉంది. 6 నుంచి 8 తరగతుల మధ్య ఒక 10 రోజులు సంచి లేకుండా వెళ్ళి స్థానికంగా ఉన్న వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరుల దగ్గర పని నేర్చుకోవాలట. మన దగ్గర ఆరో తరగతంటే ఐఐటీ ఫౌండేషన్ మొదలయ్యే తరగతి. పది రోజులు సంచి లేకుండా పంపితే ముందు గొడవకెళ్ళేది తల్లిదండ్రులే. ప్రాజెక్టు వర్కు పేరుతో స్టేషనరీ షాపులో రెడీమేడ్ థర్మోకోల్ బొమ్మలు కొనిచ్చే జాతి మనది. (నేనూ కొన్నాను, సౌరకుటుంబం.)

నాలుగు. ఇది ఎవరూ అనలేదు, నాకే తగిలింది. రెండో ఆదివారం వెళ్తూ వెళ్తూ ఆచారి గారు గుమ్మం దగ్గర ఆగి, "మా పోరడు బీటెక్ అయిపోయింది సార్. మీ కంపిన్ల ఏమన్న ఉంటే జర చూడుండ్రి" అన్నాడు. చూడండి మరి. నేనేమో నా కూతురికి ఆయన పని గొప్పదని చెప్పాలనుకుంటున్నాను, ఆయనేమో తన కొడుకుని అందులోంచి ఎలాగైనా బయటపడెయ్యాలని చూస్తున్నాడు. ఎవరిది రైటు? ఆయనదే. నడుం నొప్పీ, ముక్కులో పొట్టూ, పని దొరకని రోజులూ ఆయనకి తెలుసు, నాకు తెలీదు. నాలుగు ఆదివారాల సరదా నాది.

కానీ ఆయన పారిపోతున్నది చెక్క నుంచి మాత్రమే అయితే నేను నోరు మూసుకునేవాణ్ణి. మా అమ్మాయి అడిగిన లాంటి ప్రశ్నల నుంచి కూడా పారిపోతున్నాడు. అపార్టుమెంటులో లిఫ్టు కాదు, మెట్లెక్కమనే వాచ్‌మన్ నుంచి. తలుపు బాగుచేసిన రోజు ఆయన అడిగినదాంట్లో రెండొందలు తగ్గించిన నాలాంటివాడి నుంచి. అవును, తగ్గించాను. డాక్టరు దగ్గరా, ఆడిటరు దగ్గరా ఎప్పుడూ బేరమాడలేదు. చేత్తో పనిచేసేవాడు చెప్పిన ధరే మనకి ఎప్పుడూ ఎక్కువనిపిస్తుంది. ఆ కుర్రాడి రెజ్యూమె పంపించాను. దాంతో నా బాధ్యత తీరిందని అనుకోవడం లేదు.

ఐదు. ఇది మా ఆవిడది. ఈ టపా చదివి వినిపిస్తే అంది: "ఒక్క బల్ల చేసి ఇంత ఉపన్యాసమా? నేను రోజూ మూడు పూటలా చేత్తోనే చేస్తున్నాను. దాని మీద ఎప్పుడైనా నాలుగు ముక్కలు రాశారా?" జవాబు లేదు. చేతిపనికి విలువ లేదని వడ్రంగి గురించి గుండెలు బాదుకునే ముందు వంటింట్లోకి తొంగి చూసుండాల్సింది. దోసెల పిండి పని నాకప్పగించారు. సమంజసమే.

ఇంతకీ నేను అడుగుతున్నది ఏమిటి? అందరూ బల్లలు చెయ్యండని కాదు. చేతకాకపోతే, తీరిక లేకపోతే, మంచి పనివాడితో పిల్ల ఎత్తుకి తగ్గట్టు చేయించండి, బేరం లేకుండా ఇవ్వండి. పిల్లని పక్కన కూచోబెట్టండి, టేపు పట్టుకోనివ్వండి. "చదవకపోతే ఇలా అవుతావు" అనే మాట ఒక్కటి మాత్రం ఇంట్లో మానెయ్యండి. చదువు మీద ప్రేమ పుట్టించలేక, పనివాడి మీద అసహ్యం పుట్టించి పని గడుపుకుంటున్నాం. రేపు ఆ పిల్లలే పెద్దవాళ్ళయి జీతాలిచ్చే కుర్చీల్లో కూచుంటారు.

చేద్దామనుకునేవాళ్ళకి మా కొలతలు: పైపలక 90 బై 50 సెంటీమీటర్లు, 18 మిల్లీమీటర్ల మందం. చట్రం పట్టీలు 7 సెంటీమీటర్ల వెడల్పు, అంతకు మించితే తొడలకి తగులుతాయి. పలక అంచులూ మూలలూ ఉప్పుకాగితంతో గుండ్రంగా రుద్దండి, ముందు 80 నంబరు, తర్వాత 120, చివర 220. కాళ్ళు కొయ్యబోయే ముందు బల్లని ఇంకో గదిలో పెట్టి చూడండి.

మా అమ్మ ఇంకా ఒప్పుకోలేదు. నిన్న మాత్రం మిషను కుట్టుకునే బల్ల కాలు ఊగుతోందని, ఆచారిని పిలవనా, నువ్వు చూస్తావా అనడిగింది. ఆచారి గారినే పిలవమన్నాను. ఈసారి బేరం ఆడొద్దని కూడా చెప్పాను.